ఏడో నంబరు బస్సు, సెలవు మీద

ముప్పై ఒక్క ఏళ్లు ఏడో నంబరు బస్సు నడిపాను.
స్టేషన్ నుంచి పెద్దాసుపత్రికి, ఆసుపత్రి నుంచి స్టేషన్‌కి.
చివరి రోజు డిపోవాళ్లు పూలగుత్తి ఇచ్చారు,
కవరులో రెండు రాత్రుల బస పెట్టారు,
జపాన్ సముద్రం ఒడ్డున వేడినీటి బుగ్గల హోటల్లో.
"హిసాఎ గారూ, ఇక కాళ్లు చాపుకోండి" అన్నారు.
చాపడానికి వచ్చాను.

గదిలో గడ్డిచాపల వాసన.
బల్ల మీద టీ, పక్కన మిఠాయి, ఒక్కటే.
ఒక్కదాన్నే వస్తానని దానికి ముందే తెలుసు.
కిటికీ నిండా సముద్రం, ఫిబ్రవరి రంగులో.
నేను చూసింది మాత్రం గోడ గడియారం.
మూడూ పన్నెండు.
ఈపాటికి ఏడో నంబరు బడి మలుపు దగ్గర ఉంటుంది,
సంచీ మరిచిన పిల్లాడెవడో వెనక్కి పరిగెడుతుంటాడు.

యుకాటా చుట్టుకుని వరండాలోకి వచ్చాను.
పనిపిల్ల నాత్సుమె నవ్వాపుకుంటూ ఆపింది.
"ఎడమ అంచు పైకి రావాలండీ.
కుడి అంచు పైకొస్తే శవానికి కట్టే పద్ధతి" అని
నా చుట్టూ తిరిగి, విప్పి, మళ్లీ కట్టింది.
అంతేనన్నమాట తేడా.

చిన్న పీట మీద కూర్చుని ఒళ్లు రుద్దుకుని
బయటి మడుగులోకి దిగాను.
అబ్బా అన్నాను, పైకే.
నీళ్లు ఉప్పగా ఉన్నాయి.
మెడ దాకా వేడి, నెత్తి మీద మంచు,
పెదవి దగ్గర రెండూ కలుస్తున్నాయి.
అయినా కుడికాలు ఊరుకోదే!
అల వచ్చి రాతికి కొట్టినప్పుడల్లా
నీళ్లడుగున బ్రేకు వెతుకుతుంది.
చేతులు స్టీరింగు వెడల్పులోనే తేలుతున్నాయి.

ఒక ముసలావిడ వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది,
మడత తువ్వాలు నెత్తిన పెట్టుకుని.
పొట్ట మీద పాత కోత మచ్చ. దాచుకోలేదు.
పేరు మిసావొ అంది. రేవులో నలభై ఏళ్లు
పీతల కాళ్లకు బిళ్లలు కట్టిందట.
"రాత్రి మీ పళ్లెంలోకి వచ్చేది
నాకు తెలిసిన పడవదే అయ్యుంటుంది."
ఏ పడవ అని అడిగేలోపు కళ్లు మూసుకుంది.
తల కాస్త వాలింది. ఇంకాస్త.
నా ఎడమ భుజం మీద ఆగింది.

అద్దంలో ఎన్ని చూశాను ఇలాంటివి!
రాత్రి షిఫ్టు నర్సు తల, చేపలమ్మే ముసలాయన భుజం మీద.
పరీక్షల పిల్ల తల, ముక్కూమొహం తెలియని గుమాస్తా మీద.
ఆ భుజాలు కదలవు. ఊపిరి కూడా దొంగతనంగా తీస్తాయి.
మలుపుల్లో నేనూ బస్సుని
గుడ్ల గంపలా మోసేదాన్ని.
డ్రైవరు సీటు పక్కన మాత్రం ఇంకో సీటు ఉండదు.

తడి తువ్వాలుతో సహా ఎంతుంటుంది బరువు?
చిన్న పుచ్చకాయంత.
ఆమె ముక్కు నీళ్లకి దూరంగా ఉందో లేదో
నాలుగుసార్లు చూసుకున్నాను. అలవాటు.
తువ్వాలు మీద మంచు పేరుకుంటే ఊదేశాను.
వేళ్ల కొసలు ఊరవేసిన రేగుపళ్లయ్యాయి.
చీకటి పడింది. లాంతర్లు వెలిగాయి.
కుడికాలు ఎప్పుడు ఊరుకుందో నాకు తెలియదు.

నాత్సుమె తలుపు జరిపి తొంగి చూసింది,
భోజనం వేళ దాటిందని చెప్పబోయింది.
వేలు పెదవుల మీద పెట్టాను.
తలుపు ఎంత నెమ్మదిగా మూసిందంటే
రేపటి నుంచి ఆ పిల్లకి బస్సు ఇచ్చేయొచ్చు.

మిసావొ గారు కళ్లు తెరవకుండానే అడిగింది,
"ఎక్కడిదాకా వచ్చాం?"

చీకట్లో దూరంగా ఒక్క పడవ దీపం.
అది వస్తోందో పోతోందో తెలియడం లేదు.

"ఇంకా రాలేదండీ" అన్నాను,
"పడుకోండి."