ఇంతవరకు నీళ్ళు

కొండకు ఎర్ర రంగు పూసిపోయినారు.
మనిషెత్తు రాయి మీద ఒక ఇంటూ గుర్తు, పక్కన అంకె.
అట్లాంటివి పదిహేడు.
మేకలు నాకి చూసి, మూతి తిప్పుకొని పోయినాయి.

ఈ ఒమాన్ ఊళ్ళో నాకు ఓటు లేదు, తోట లేదు.
పద్నాలుగేళ్ళుగా నీళ్ళు మాత్రం నా చేతి మీదుగా పారుతున్నాయి.
కొండ కడుపులోంచి సొరంగం గుండా వచ్చే కాలవ, ఫలజ్ అంటారు,
ఎవరు తవ్వినారో ఎవరికీ గుర్తు లేదు.
జువైనమ్మ తోటకు అరగంట, మసీదు తోటకు అరగంట,
తేనెటీగల సాలెంకు రెండు వంతులు.
పగలు కట్టె నీడ కొలత, రాత్రి చుక్కల కొలత.
మా తాత ఉంటే ఒక్క మాటలో తేల్చేవాడు:
"ఓబులేసూ, నువ్వు నీరుగంటివిరా."

ఊరి సావిట్లో మీటింగు పెట్టినారు.
ఖర్జూరాలు, కాఫీ, గోడ మీద ప్రొజెక్టరు బొమ్మలు.
బొమ్మలో కొండ పచ్చగా ఉంది.
ఈ కొండ ఎన్నడూ పచ్చగా లేదు, దానికా అవసరం రాలేదు.
రోడ్డన్నారు, ముప్పై ఉద్యోగాలన్నారు.
కుర్రాళ్ళు కొందరు తలలూపినారు,
మస్కట్ దాకా పోనక్కర్లేదని.
"దుమ్ము లేవదు, నీళ్ళు చల్లుతాం" అన్నాడు టై కట్టుకున్నాయన.
"ఏ నీళ్ళు?" అంది జువైనమ్మ.
ఆయన తర్వాతి బొమ్మకు పోయినాడు.

నేను గుమ్మం కాడ కప్పులు కడుగుతా ఉన్నా.
ఆ దుమ్ము నాకు తెలుసు.
మా ఊరి పక్కన ముగ్గురాయి గని.
మధ్యాన్నం రెండుకు సైరను, వెనకే నేల ఉలిక్కిపడేది,
అలమరలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకునేవి.
మా వాకిళ్ళలో ముగ్గు ఎవరూ వెయ్యనక్కర్లేదు,
తెల్లారేసరికి దానంతటదే పడుండేది,
చుక్కల్లేని ముగ్గు.
మా బావ చెంగల్రాయుడు దాన్నే పీల్చి పీల్చి
మాటకూ మాటకూ మధ్య కూలబడేవాడు.

సర్వే పిల్లోడు మన తెలుగోడే, దినకర్.
తోట గట్టు మీద కూర్చుని నా గోగాకు పప్పు తిన్నాడు,
వేళ్ళు నాక్కున్నాడు.
"అన్నా, క్రషర్ కాడ మనిషి కావాల. ఎనభై రియాలు ఎక్కువ."
ఎనభై.
అబద్ధమెందుకు, లెక్కేసుకున్నా.
రెండు రాత్రులు చుక్కలు చూడాల్సినోణ్ణి
ఆ ఎనభైనే చూస్తా ఉంటి.
సాలెం తోటకు నీళ్ళు పావుగంట ఎక్కువ పోయినాయి.

మూడో పొద్దున, మగ గెల నడుముకు చెక్కుకుని చెట్టెక్కినా.
ఖర్జూరం పెండ్లి ఇక్కడ మనిషే చెయ్యాల, గాలిని నమ్ముకోరు.
ఆడ గెల పొత్తు విప్పి, పుప్పొడి విదిల్చి, నారతో కట్టాల.
పైనుంచి చూస్తే కొండ చెయ్యి చాపితే అందేట్టుంది.
ఆ ఎర్ర గుర్తులు కూడా.
నా అరచేతిలో పుప్పొడీ పిండే,
రేపు అక్కణ్ణుంచి వచ్చేదీ పిండే.
పువ్వుకు తేడా ఎవరు చెప్తారు?

అర్జీ రాసినారు. నలభై మూడు సంతకాలు, వేలిముద్రలు.
నా పేరు ఉండకూడదంట, వీసా మనిషిని.
జువైనమ్మ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంటా
"కాలవలో చేపలకూ సంతకం లేదులే,
పోయి గడ్డి కొయ్" అంది.

ఆ రాత్రి సొరంగం నోట్లో మోకాలి లోతున నిలబడి
కొడవలి మొనతో గోడ మీద గీత గీసినా,
నీళ్ళు తాకుతున్న చోట.
పక్కన తేదీ. పైన, నాకొచ్చిన ఒకే ఒక్క లిపిలో:
ఇంతవరకు నీళ్ళు.
ఈ ఊళ్ళో అది చదివేవాడు లేడు.
రేపు ఎక్కడో లోపల సొరంగం పగిలి
టై ఆయన కాగితాలు చూపించి
మొదట్నుంచీ ఇంతే గదా అంటే

చిన్న చేపలు మడమలు కొరుకుతున్నాయి.
చుక్క కొండ దిగింది.
మసీదు తోట మడవ మూసి
జువైనమ్మ మడవ తెరిచినా.