ఆఖరి బస్సు లెక్క

పొద్దున ఏడూ ఇరవై ఎనిమిదికి స్టేషన్ ముందు కదిలిన బస్సు
ముప్పై నాలుగు మలుపులు తిరిగి
అడవి అంచున మమ్మల్ని దింపింది.
దిగే ఒక్కొక్కరికీ తల వంచుతూ
డ్రైవర్ నోట్లోనే లెక్కపెట్టుకున్నాడు.
అద్దం పైన పేరు పలక: త్సుకుదా.
తెల్ల తొడుగు లోపల, వేళ్ళ కణుపుల మీద
బొటనవేలు నడవడం నేను చూశాను.
తొమ్మిది.

మ్యాపులో నెజుసావా జలాశయం
ఎవరో పారేసుకున్న చేతితొడుగులా ఉంటుంది.
ప్రతి వేలి చుట్టూ ఒక కాలిబాట.
చిటికెనవేలికి గంటన్నర,
బొటనవేలికి ఒక పూట,
మొత్తం చెయ్యి చుట్టి వచ్చేవాళ్ళు అరుదు.
మందుల షాపులో ఆరు రోజులు నిలబడ్డ కాళ్ళు నావి,
చూపుడువేలు చాలనుకున్నాను.

దేవదారుల కింద నేల
అడుగు వేస్తే పాత పరుపులా దిగి
తీరిగ్గా పైకి లేచేది.
ఒక మానుకి పలక కట్టి ఉంది:
"ఎలుగుబంటి కనబడింది, నిన్న."
ఆ నిన్న ఏ రోజుదో రాయలేదు.
సంచికి కట్టిన గంటని
కొంచెం గట్టిగానే మోగించుకుంటూ పోయాను.

నీళ్ళ పక్కన కూచుని అన్నం ముద్ద విప్పాను,
నడుమ ఊరవేసిన పుల్లటి పండు.
ఈ ఏడు నీళ్ళు బాగా దిగాయి.
ఎదుటి ఒడ్డున గీతలు గీతలుగా మట్టి,
దిగుతూ దిగుతూ
నీళ్ళు ఎక్కడెక్కడ ఆగి ఆలోచించాయో.

నాలుగూ యాభై రెండుకి ఆఖరి బస్సు.
ఎక్కింది ఎనిమిదిమంది.
పుట్టగొడుగుల బుట్టతో ఒక జంట,
ఒక్క చేపా పడని కుర్రాడు,
బూట్లు విప్పేసి బొబ్బలు చూసుకుంటున్న ఆమె...
ఎర్ర మేజోళ్ళ ముసలాయన లేడు.

యాభై మూడు. యాభై నాలుగు.
కింద స్టేషన్లో రైలు మనకోసం ఆగదు,
అది పోతే మళ్ళీ గంటకి.
ఈ మాట బస్సులో అందరికీ తెలుసు,
ఎవరూ పైకి అనలేదు.
త్సుకుదా ఇంజను ఆపేసి దిగాడు.
బాట మొదట్లో నిలబడి టోపీ తీశాడు,
టోపీ చెవులకి అడ్డమన్నట్టు.

ఎక్కడో వడ్రంగిపిట్ట.
చల్లారే ఇంజను టిక్కు టిక్కు.
కుర్రాడు చిప్స్ నమలడం ఆపేశాడు.
ఉన్నట్టుండి గంట మోగింది,
ఎనిమిది తలలూ లేచాయి —
కదిలింది నా సంచే.
సిగ్గుపడి గంటని పిడికిట్లో నొక్కేశాను.

యాభై ఎనిమిదికి ఎక్కి కూచున్నాడు.
రేడియోలో గొంతు తగ్గించి ఏదో చెప్పాడు,
"ఒకరు" అన్నది ఒక్కటే వినబడింది.
దీపాలు వేసి, మనిషి నడకలా బస్సు నడిపాడు,
అడవిలోంచి బాట బయటికొచ్చే ప్రతిచోటా
మెడ సాచి చూస్తూ.

మూడో స్టాపు, ఆనకట్ట చివర.
బెంచీ మీద ఎర్ర మేజోళ్ళు.
పక్కన ఫ్లాస్కు, మోకాళ్ళ దాకా బురద.
మొత్తం చెయ్యి చుట్టి వచ్చారు.
సంచికి కుట్టిన గుడ్డపట్టీ మీద
బడిపిల్లలకి రాసినట్టు, ఇంకెవరిదో గుండ్రటి చేతిరాత:
హిజుమె. కింద ఒక ఫోన్ నంబరు.

ఆయన మెట్టెక్కి చేతి గడియారం చూపించారు.
"ఆరు నిమిషాలు ఆలస్యం."
"క్షమించండి" అని త్సుకుదా నడుము వంచాడు,
ఎందుకో చెప్పలేదు.
మేమూ చెప్పలేదు.
బొబ్బల ఆమె మాత్రం కిటికీ వైపు తిరిగింది,
భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.
"తొమ్మిది" అన్నాడు త్సుకుదా రేడియోలో.

రైలు పోనే పోయింది.
హిజుమె గారు అందరికంటే ముందు దిగి
ఫిర్యాదుల పెట్టె ఎక్కడ అని అడిగారు.
త్సుకుదాయే దగ్గరుండి చూపించాడు.
చీటీ ఇచ్చాడు.
ఆయన జేబులు తడుముకుంటుంటే
తన పెన్ను తీసి మూత విప్పి అందించాడు.