తప్పొప్పుల పట్టిక

మార్చి వచ్చినా హాంకాక్‌లో ఇంకా మోకాలి లోతు మంచు.
కౌంటీ ఆఫీసు మెట్ల మీద బూట్లు దులుపుకుని
వైనో సల్మెలా లోపలికొచ్చాడు.
రొట్టె చుట్టే మైనపు కాగితంలో
మడతలు మడతలుగా, ఆయన చేసిన రెండేళ్ల సైన్యం.

"ఇరవై ఏడో గడి చూడమ్మా."
చూశాను.
పతకాలు, చిహ్నాలు, ప్రశంసలు అని అచ్చేసిన చోట
ఎవరో గుమాస్తా, బహుశా భోజనం వేళకు తొందరపడి,
టైపు కొట్టిన ఒక్క మాట:
లేవు.
గాయాల గడిలోనూ అదే మాట, ఇంకాస్త వంకరగా.

పాంటు పైకెత్తాడు.
ఆవిరిస్నానాల గదిలో తప్ప ఎవరూ చూడని పిక్క,
పురికొసతో కుట్టిన గోనెసంచిలా ఉంది.
లోపల ఇంకో ముక్క ఉందట,
మంచు పడబోతే రేడియో కంటే ముందే చెబుతుందట.
"గనిలో తగిలిన దెబ్బేమో అంటున్నారు పింఛనువాళ్లు.
గని నన్నేమీ చేయలేదు. గని మంచిది."

ఈ కుర్చీలో నాకు పదకొండేళ్లు.
అసలు కాగితాలు ఎక్కడికి పోయాయో తెలుసు.
డెబ్బై మూడు జులైలో సెయింట్ లూయిస్‌లో
పై అంతస్తు రోజుల తరబడి తగలబడింది.
కాలనివి, ఆర్పిన నీళ్లకు బూజుపట్టాయి.
కొరియా నుంచి ప్రాణాలతో వచ్చినవాళ్లెందరో
మిస్సోరీలో అట్టపెట్టెల్లో బూడిదయ్యారు.

అయినా ఫారం నింపాం.
ఏడు నెలలకు జవాబు:
కళ్లారా చూసినవారు ఎవరైనా ఉంటే
రాయించి పంపగలరు.

కళ్లారా చూసినవారు.
కిటికీలోంచి మంచు తోసే బండిని చూస్తూ
ఆయన వేళ్లు మడిచాడు.
ఒకడు ఆ రాత్రే. ఒకడు ఓడలో.
ఒకడు డెట్రాయిట్‌లో, తాగి తాగి.
చిటికెన వేలు మిగిలింది.
"లైల్ బోష్. నెబ్రాస్కా.
బతికే ఉంటాడు, మొండిఘటం."
ఫోన్ చేద్దామా అన్నాను.
"యాభై ఏళ్లుగా మాటల్లేవు."
ఎందుకని అడగలేదు.
ఫారంలో ఆ గడి లేదు.

ఉత్తరం నేనే రాశాను. సంతకం దగ్గర
ఆయన పెన్ను ఆగి, సిరా చుక్క దిగింది.
అలాగే పంపాం.

గీతల కాగితం, పెన్సిల్ రాత,
కింద నోటరీ ముద్ర:
"ఆ గుట్టకు పేరు లేదు, నంబరే.
నన్ను వీపున వేసుకుని దిగాడు.
కాల్లో ఇనుము దిగాక కూడా కిందికి దించలేదు.
దారి పొడుగునా అమ్మా అమ్మా అని ఏడ్చాను.
మర్నాడు కెప్టెన్ అడిగితే
నా కాళ్లతో నేనే నడిచొచ్చానన్నాను.
ఇరవై ఏళ్లవాణ్ణి.
పక్క మంచం మీద వాడు విన్నాడు.
విని, గోడవైపు తిరిగాడు.
తిట్టి ఉంటే బాగుండేది."

పైకి చదివాను.
"పెన్సిల్‌తో రాశాడా" అన్నాడు ముసలాయన.
కాసేపయ్యాక,
"చెయ్యి వణుకుతున్నట్టుంది."

మరుసటి శీతాకాలం పెద్ద కవరొచ్చింది.
ఊదా రిబ్బనుది ఒకటి, కంచు నక్షత్రం ఒకటి.
వెనకవైపు చెక్కిన ఇంటిపేరులో ఓ అక్షరం తప్పు.
మళ్లీ ఇంకో ఫారం ఉంది అన్నాను, సిగ్గుగా.
ఆయన పగలబడి నవ్వాడు.
"ఓడ దిగిన రోజు నుంచి మా నాన్న
ఆ అక్షరం కోసమే వెతుకుతూ పోయాడు."

"మరి పాత కాగితం?"
దాన్ని దిద్దరని చెప్పాను.
లేవు అన్న మాట లేవు లాగే ఉంటుంది.
పక్కన కొత్త కాగితం ఒకటి చేరుతుంది,
పుస్తకం చివర తప్పొప్పుల పట్టికలా:
ఇరవై ఏడో గడిలో ఇవి కలిపి చదువుకోవలెను.
తప్పూ ఒప్పూ ఇకపై ఒకే గుండుసూదికి.

తల ఊపాడు. పతకాల పెట్టెలు
నా బల్ల మీదే మర్చిపోయాడు, లేక వదిలేశాడు.
పెన్సిల్ ఉత్తరం మాత్రం అసలుదే కావాలన్నాడు.
నకలు నేనుంచుకున్నాను.
మైనపు కాగితం మడిచి, టోపీ పెట్టుకుని,
తలుపు దగ్గర ఆగాడు.

"నెబ్రాస్కాలో ఇప్పుడు టైమెంత?"
మనకంటే గంట వెనక అన్నాను.

"గంటేనా" అన్నాడు.