ఖాళీ గడి

జెట్టీ పక్క మత్స్యశాఖ గదిలో
ఫ్యానుకి కూడా ఉప్పు పట్టింది.
స్పేస్ బార్ కింద ఒక చేప పొలుసు
నాలుగేళ్ళుగా కాపురముంటోంది.

వేట నిషేధం రోజులు. బోట్లన్నీ
ఒకదాని భుజం మీద ఒకటి తలపెట్టి పడుకున్నాయి.
ఎండుచేపల సంఘం భృతి జాబితా
సాయంత్రానికల్లా పంపాలి.

పద్దెనిమిది వేల వరసలు.
ఒక్కొక్కర్నీ చదివే ఓపిక లేక
ప్రశ్న ఒకటి అల్లాను, వల అల్లినట్టే, కన్ను కొలుచుకుంటూ:
ఈ రోజులోంచి పుట్టినరోజు తీసెయ్,
వచ్చింది పద్దెనిమిదికి తగ్గకూడదు,
అరవై దాటకూడదు,
కార్డు బతికుండాలి.
నిజమైతే పైకి రా.
అబద్ధమైతే నీళ్ళలోనే ఉండు.

కిటికీ ఊచల్లోంచి గరికిన నూకరత్నం:
"నా పేరొచ్చిందేటి బాబూ?"
రాలేదు.
"అయితే కొట్టేసినోల్లల్లో సూడు."
ముందు 'కాదు' అని ఒక్క ముక్క తగిలించి
ప్రశ్నని బోర్లించాను.
అందులోనూ లేదు.
రెండు లెక్కలూ కూడితే
మొత్తానికి నలభై ఒక్కరు తక్కువ.

"ఉన్నోల్లల్లో నేను, నేనోల్లల్లోనూ నేను.
మరి నానేటి బాబూ, ఉప్పుగాలినా?"

ఈ రేవులో 'లేను' అనాలంటే 'నేను' అంటారు.
ఇన్నాళ్ళూ ఆ మాట వింటూనే ఉన్నాను,
ఇవాళే వినబడింది.

ఆమె వరస తెరిచాను. పుట్టిన తేదీ గడి ఖాళీ.
సున్నా కాదది, సున్నా అయినా ఒక అంకె.
ఖాళీని దేంట్లోంచి తీసినా ఖాళీయే.
అది అరవైకి తక్కువా అని అడిగితే
యంత్రం అవుననదు, కాదనదు,
బెల్లం కొట్టిన రాయిలా కూచుంటుంది.

"ఎప్పుడు పుట్టేవు?"
"తుపాను కొట్టిన రాత్తిరి.
డాల్ఫిన్ నోసు కొండమీద దీపం ఆరిపోనాదట.
బోర్లించిన తెప్ప కింద కన్నాది మాయమ్మ."
"ఏ తుపాను?"
"పెద్దది."

జనవరి ఒకటి కొట్టెయ్, అన్నాడు పక్క సీటు సన్యాసిరావు.
నిజమే, మా రికార్డుల్లో సగం రేవు
జనవరి ఒకటినే పుట్టింది.
ఆమె వినేసింది.
"జనవరిలో తుపానేటి, సముద్రం నవ్వుతాది."

కొట్టలేదు.
ప్రశ్నకి ఇంకో కన్ను వేశాను:
లేదా, గడి ఖాళీ అయితే.
కుండలీకరణం వెయ్యడం మర్చిపోయాను,
కార్డు బతికుండాలన్న మాట జారిపోయి
చనిపోయినవాళ్ళు కూడా వచ్చేశారు,
ఒక్క నిమిషం తెరంతా వాళ్ళే.
చూడనట్టు, బ్రాకెట్లు మూసి మళ్ళీ కొట్టాను.

కొత్తగా నలభై ఒకటి.
"వచ్చేవు" అన్నాను.
"పైకి సదువు."
చదివాను, ఇంటిపేరుతో సహా.

తల ఊపింది, తట్ట ఎత్తుకుంది,
మెట్ల దగ్గర ఆగి మళ్ళీ వెనక్కొచ్చింది.
"మిగతా నలభైమందినీ సదువు బాబూ, ఇంటాను."

ఫ్యాను కట్టేశాను,
పేర్లు వినబడాలని.