ముల్లెద్దులు

బ్రష్షు లాడ్జిలో మరిచి వచ్చిన పొద్దున
పందుంపుల్ల కోసం తుమ్మకొమ్మ వంచితే
ముల్లొకటి ఎగిరి
నా మణికట్టు మీద వాలింది.
అదే మొదటి చుక్క.
పటం పక్కన రాసుకున్నాను:
ఊడిమూడి దాటాక, కాలవ ఎడమ గట్టు,
నల్లతుమ్మ, ఉదయం ఆరున్నర.

బియ్యపుగింజ పొడవు.
పాకం ముదిరిన బెల్లం రంగు.
భుజాల నుంచి అటొక కొమ్ము, ఇటొక కొమ్ము,
మూడోది వీపు మీదుగా వంగి
తోక దాకా, పడవకి చుక్కానిలా.
తల ఎక్కడుందో వెతుక్కోవాలి.
కొమ్ముల కింద,
బరువు మోసేవాళ్ళ తల ఉండేచోటే ఉంది.

మేకల్ని తోలుకుంటూ వచ్చిన నూకరత్నం
భూతద్దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి
"ముల్లెద్దులంటావండి ఆటిని.
మీకు కొత్తేమో గానీ
మాకు పాతేనండి" అంది.

నా పుస్తకంలో దాని పేరు లాటిన్‌లో ఉంది.
పలికితే నోట్లో ఇసక పడ్డట్టుంటుంది.
కొట్టెయ్యలేదు.
పక్కన పెన్సిల్‌తో ముల్లెద్దు అని రాశాను.

"అయిగో పాలేర్లు" అని చూపించింది.
నల్లచీమలు,
ఇంకా కొమ్ములు రాని పిల్లల చుట్టూ చేరి
మీసాలతో తట్టి, తట్టి,
చెమటబొట్టంత తీపిని పితుక్కుంటున్నాయి.
ఎక్కేది ఒకటి, దిగేది ఒకటి,
పాలకేంద్రం దగ్గర పొద్దుటి వరసలా.

నా పని లెక్క.
గౌతమికీ వశిష్ఠకీ మధ్య
ఎక్కడ ఉన్నాయి, ఎక్కడ లేవు.
మోపెడ్ మీద పద్దెనిమిది రోజులు.
ముక్తేశ్వరం రేవు పక్కన కానుగ మీద లేవు,
దానికి ఆనుకున్న తుమ్మ మీద ముప్పై ఒకటి.
అంబాజీపేటలో కొబ్బరి, కొబ్బరి తర్వాత కొబ్బరి.
చుక్క పడలేదు.
ఒక వంగమడిలో మాత్రం ఇంకో రకం,
కొమ్ములు పైకి తిరిగి, కొంచెం పొగరుగా.
వాటికి వేరే సిరా.

అల్లవరం వైపు రొయ్యల చెరువుల గట్లు
పెళ్ళికొడుకు గెడ్డంలా నున్నగా గొరిగేసి ఉన్నాయి.
ఏరేటర్లు నీళ్ళని బాదుతూనే ఉన్నాయి.
ఓ కాపలా కుర్రాడు ఏం పోయిందని అడిగాడు.
ఏం చెప్పను?
ముల్లే లేనిచోట
ముల్లులా కనపడి ఎవరిని నమ్మించాలి అది?

వరద తీసిన నెలకి లంకలోకి పడవ దాటాను.
తుమ్మల మీద నీటిగీత
నా తలకన్నా మూరెడు ఎత్తున.
గీత కింద ఒండ్రు పూత,
ఎండి వేలాడే గుర్రపుడెక్క,
ఎవరిదో పసుపుపచ్చ చీర పీలిక.
గీతకి పైన, సరిగ్గా పైన,
గుడ్లని కప్పుకుని కూర్చున్న తల్లులు.
అటూ ఇటూ చుక్కలు పెట్టే పటంలో
పైకీ కిందకీ ఎలా చూపించాలో తెలియలేదు.
మార్జిన్‌లో నిలువుగా గీసి వదిలేశాను.

ఆఖరి రోజు మళ్ళీ అదే గట్టు.
"అయి మాటాడుకుంటాయండి" అంది నూకరత్నం.
"చెవికి ఎక్కదు. పళ్ళకి ఎక్కుద్ది."
కొమ్మని విరవకుండా పళ్ళ మధ్య పట్టుకోమంది.
చదువుకున్నదాన్ని, నవ్వొచ్చింది.
పట్టుకున్నాను.

వగరు.
మేక మెడలో గంట. దూరంగా ట్రాక్టరు.
చెట్టు మొదట్లో తెల్లపెయింటుతో నూట పద్నాలుగు.
గట్టు వెడల్పు చేస్తారట.
ఆ అంకె నేను వేసింది కాదు.
అప్పుడు, దవడ ఎముకలో,
ఎక్కడో తలుపవతల నుంచి దువ్వెన పళ్ళ మీద
గోరు గీసినట్టు ఒక గుర్రు.
ఆగి, ఇంకోటి.
జవాబో, నా నాడో.

"ఏవంటన్నాయండీ?"
తెలీదన్నాను.
"నాకూ తెలీదండి.
ముప్పై ఏళ్ళబట్టి వింటన్నాను" అని
మేకల్ని అదిలించుకుంటూ పోయింది.

లాడ్జికి తిరిగొస్తూ వేపపుల్ల విరుచుకున్నాను.
విరిచే ముందు
ప్రతి గంటునీ ఒకసారి వేలితో తడిమి.