దగ్గు

హన్మకొండ నుంచి వచ్చిండు కాంట్రాక్టరు బామ్మర్ది,
మనోహర్ సారు, తునికాకు కల్లం చూసుకోను.
నడుముకు తోలు సంచి. సంచిల తుపాకి.
అరచేతంత. నల్లగ, నిగనిగ,
అప్పుడే పుట్టిన బర్రె దుడ్డె ముట్టె లెక్క.
లైసెన్సు కాయితం ప్లాస్టిక్ కవర్ల పెట్టి
నడిఎండల గుడ వానకు దాసుకుంటడు.

"గుడ్డెలుగుల కోసం" అన్నడు.
నేనేమనలే.
నా ఎడమ చెంప చూసి ఆయనే అడిగిండు, "అదేనా?"
"అదే."
ఆ పక్క గడ్డం మొలవది,
మంగలి కొంరెల్లి సగం పైసలే తీసుకుంటడు.

"అప్పుడు నీ దగ్గర ఇసొంటిది ఉంటేనా?"
ఏం జెప్పాలె.
అప్పుడు నా దగ్గర గొడ్డలి ఉండె.
భుజం మీదికెళ్ళి దించేలోపే
నా మొకం దాని గోర్లల్ల ఉండె.

గుడ్డెలుగు ఎక్కడినుంచో రాదు సారూ,
ఉన్నకాడినుంచే లేస్తది.
మనం దాని మీదికి పోయినంకనే
అది మన మీదికి వస్తది.
చూపు మందం దానికి.
పుట్టల మూతి పెట్టి చెదలు గుంజుతుంటే
చెవులు గుడ పని చెయ్యవు.
అందుకే మేం దగ్గుకుంట నడుస్తం.
మా నాయిన పోదెం జోగయ్య దగ్గితే
వాగు అవతల ఇనవడేది.
రోగమేం లేదు ఆయినకు.
వస్తున్న, జర జరుగు, అనుడే అది.

ఆకు కోత మొదలు, ఇప్పపూలు ఆఖరు.
తాడ్వాయి దాటి లోపటికి, నాలుగింటికి, చీకట్ల,
సారు ముందట, నేను వెనుక.
తుపాకి చేతికి రాంగనే
మనిషికి పిల్లి నడక వస్తది, ఎందుకో.
దగ్గబోతే ష్ అన్నడు.
బీడీ తీస్తే వద్దన్నడు.
నా కాలు కింద ఎండుటాకు ఇరిగితే
గుర్రుగ చూసిండు.
యాభై ఏండ్లల్ల మొదటిసారి
నాకు అడివంటే భయమైంది.

ఇప్పచెట్టు కింద నల్లగ, వంగి.
ముద్ద లెక్క. మెల్లగ ఊగుతున్నది.
నేల మీద మూతి ఆనిచ్చినట్టు.
సారు రెండు చేతుల పట్టిండు.
టక్కుమని ఒక సప్పుడు, చిన్నది,
గోరు ఇరిసినంత.

గాలి మా దిక్కే కొట్టింది.
గుడ్డెలుగు వాసన నాకు తెలుసు, నిద్రల గుడ తెలుసు.
ఇది అది గాదు.
మంచుకు తడిసిన గొంగడి,
దానెంక చుట్ట పొగ.

నోరు తెరిస్తే మాట రాలే.
దగ్గొచ్చింది.
కడుపుల నుంచి, ఇంకా కిందినుంచి,
నాయిన కాడినుంచి.

నల్లటి ముద్ద నడుం మీద చెయ్యేసుకొని లేచింది.
తిరిగి దగ్గింది.
"లచ్చుమయ్యవారా?"
పూనెం బుచ్చక్క. డెబ్బై దాటినయి. గంపల సగానికి పూలు.
"ఆఁ, నేనే."
"మరి నీ పక్కన, దగ్గనోడెవడు?"

సారు అక్కడ్నే కూలవడ్డడు.
తుపాకి సంచిల పెట్టబోతే సంచి నోరు దొరకలే.
మూడుసార్లు తప్పింది. నేను పట్టుకొని పెట్టిచ్చిన.
బరువున్నది, అనుకున్నంత చిన్నదేం గాదు.
బుచ్చక్క పిడికెడు పూలు ఆయన చేతుల పోసింది.
ఏంది, ఎందుకు, అడగలే.
"ఇంతకుముందే వచ్చి తిని పోయిందిరా,
చూడు, ఆ పక్క మొత్తం ఊడ్చింది.
నాకింత ఇడిసిపెట్టింది" అన్నది,
గుడ్డెలుగు సంగతి,
పాలోని సంగతి చెప్పినట్టు.

మళ్ల తిరిగొచ్చేటప్పుడు నేను ముందట.
తొవ్వల మోదుగుల కాడ మలుపు ఉంటది, దాపు,
అవతల ఏముందో కనపడది.
వెనుకనుంచి ఇనవడ్డది.
పట్నపు దగ్గు. గొంతు దాటి కిందికి దిగలే.
ఎవల ముందటనో సిగ్గుపడ్డట్టు, ఒక్కటే.

ఆగిన.
"ఇంకోసారి, సారూ," అన్న.