ఉప్పు చూసే మనిషి

సండర్లాండ్‌లో, నదికి ఉత్తరపు ఒడ్డున,
ఇటుకరంగు ఇళ్ల వరుసలో మాది పదకొండో నంబరు.
వంటింటి కిటికీలోంచి సముద్రం కనబడదు,
సముద్రపు పక్షులు మాత్రం
చెత్తబుట్ట మూత మీదికొచ్చి కూర్చుంటాయి.
రోజూ ఇరవై ఆరు డబ్బాలు కడతాను,
యూనివర్సిటీ పిల్లలకి.
పప్పు, వేపుడు, చారు. బుధవారం పులిహోర.

ఆ సోమవారం గిలియన్ నర్సు
నా షుగరు మాత్రలు పక్కకి జరిపి
ఒక అట్టపెట్టె చేతికిచ్చింది.
పన్నెండు వారాలు. రోజుకి నాలుగు పొట్లాలు.
వెనిలా, స్ట్రాబెర్రీ,
కోడి సూపని పేరు పెట్టుకున్న పసుపునీళ్లు.
అంతా కలిపి ఎనిమిది వందల కేలరీలు.
మా పెదనాన్న ఇంట పెళ్లిలో
నాలుగు బూరెలకి సరి.

లంఖణం పరమౌషధం అనేది మా నాయనమ్మ.
తను మాత్రం ఏ పూటా మానిన పాపాన పోలేదు.

నోరు కట్టుకోవడమంటే ఏమిటో
పోపు వేసేవాళ్లని అడగాలి.
ఆవాలు చిటపటమనగానే
నాలిక కింద ఊట,
సరిగ్గా కట్టని కుళాయిలా.
ఇంగువ వాసన జుట్టులో దూరి
రాత్రి దిండు మీద కూడా మాట్లాడుతుంది.
మూడో రోజు తలపోటు.
ఐదో రోజు అప్పడం ముక్క తిని
వంటింటి నేల మీద కూర్చుని ఏడ్చాను.
చిన్న ముక్క. డబ్బాలో పట్టక విరిగింది.

మరి ఉప్పెవరు చూడాలి?
మా ఆయనకి రాత్రి షిఫ్టు, పగలు గురక.
గరిటె మొన నాలిక్కి తాకిస్తే చాలదా అనుకున్నాను.
చాలదు. ఒక్క చుక్కతో ఆగే నాలిక కాదిది,
దీంతో నాది నలభై తొమ్మిదేళ్ల కాపురం.

గోడకవతల డోరీన్.
ఎనభై ఒకటి.
మొగుడు ఓడల యార్డులో ఇనుము అతికేవాడట.
ముందు యార్డు పోయింది, తర్వాత అతను.
చిన్న గిన్నె పట్టుకెళ్లి తలుపు కొట్టాను.
మొదటి రోజు ఒక్క చెంచాకి అరగ్లాసు పాలు తాగి
"మంటమ్మాయ్" అంది.
రెండో వారం, ఇంకాస్త ఉప్పు పడాలంది.
నాలుగో వారానికి గేటు దగ్గరే నించుంది,
చెంచా తనదే తెచ్చుకుని.
ఏడో వారం చారు చప్పరించి,
"ఆ ఆకు వెయ్యలేదేం ఇవాళ?"
కరివేపాకు. నిజంగానే మర్చిపోయాను.

ఈలోగా గాజులు మోచేతి దాకా ఎక్కుతున్నాయి.
ఉంగరానికి దారం చుట్టాను.
బస్టాపు దగ్గర ఎత్తు ఆగకుండా ఎక్కి,
పైకొచ్చాక వెనక్కి తిరిగి చూశాను,
ఎవరైనా చూశారేమోనని.
ఆకలి పోలేదు.
అద్దెకున్న మనిషిలా సర్దుకుంది,
అప్పుడప్పుడు మెట్ల మీద చప్పుడు చేస్తుంది.

అరవై ఒకటి ఉండేది,
నలభై మూడు అంది నెత్తురు.
"నయమైపోయినట్టేనా?"
గిలియన్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.
తగ్గిందనకు,
తగ్గి ఉంది అను.
తను చెప్పింది ఇంగ్లీషులోనే.
ఆ తేడా నాకు వినబడింది తెలుగులో.

పదమూడో వారం మొదటి ముద్ద.
కందిపప్పులో ఆనపకాయ, గుప్పెడు అన్నం,
కంచంలో కాదు, కాఫీ సాసర్లో.
కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు కషాయం!

ఇన్ని వారాలూ ఇరవై ఆరుమందిలో
ఒక్కరూ కిక్కురుమనలేదు.
డబ్బాలు కడిగినట్టు తిరిగొచ్చేవి.
ఉప్పు తిన్న ఇంటిని మరవకూడదంటారు కదా,
ఆ పిల్లలు తిన్నది మా ఇంటి ఉప్పు కాదు,
గోడకవతలిది.

రేపట్నుంచి చెయ్యి తగ్గించాలి.
ఎలా చెప్పాలో తెలీడం లేదు.
పదకొండున్నరయ్యేసరికి,
చెంచా కొంగులాంటి తన ఏప్రన్‌కి తుడుచుకుంటూ
గేటు దగ్గర నించునుంటుంది.